ఉద్దిని కుదిర్చే పని ఎవరిది?

ఈ ఏడాది ఉగాది వెళ్ళిన మూడోనాటి మాట. మైపాడు దారిలో ఒక పల్లెలో ఉన్న బంధువుల ఇంటికి వెళ్ళి, సాయంకాలం రామాలయం అరుగుమీద కూర్చున్నాను. సముద్రం అక్కడికి దగ్గరే కాబట్టి ఎండ దిగగానే గాలి చల్లబడింది. గుడి ముందరి చప్టామీద శ్రీరామనవమి కోసం కోలాటం అభ్యాసం మొదలైంది. మొత్తం 24 మంది ఆడవాళ్ళు. ఊళ్ళో మూడు వీధులవాళ్ళు, కాలనీవాళ్ళు, కాలువ అవతలి పాలెంవాళ్ళు, అందరూ ఉన్నారు. నేర్పే గురువుగారు నడివయసు మనిషి, నెల్లూరు నుంచి రోజూ మోటారుసైకిలు మీద వచ్చి పోతారట. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ముందుగానే రాసుకొచ్చిన జతలను వరుసగా చదివారు.

ఆరో జత చదవగానే ఒకావిడ అన్నది: "ఆమెకు ఎదురుగా నేను నిలబడను సార్. ఇంకెవరినన్నా ఇవ్వండి."

గొంతు పెద్దదేమీ కాదు. అయినా అందరికీ వినబడింది. గురువుగారికి అప్పటికే పొద్దుపోయింది. "సర్దుకోండమ్మా, దేవుడి పని" అని తరువాతి జత చదివారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ కోపు ముగిసేదాకా ఆ రెండో ఆమె తల ఎత్తలేదు. ముగిశాక కోలలు రెండూ తెచ్చి అరుగుమీద నా పక్కనే పెట్టి, "బర్రెకు మేత వెయ్యాల" అని ఎవరితోనూ కానట్టుగా అని వెళ్ళిపోయింది. మరునాడు రాలేదు. 23 అంటే బేసి. జతలకు కుదరదు. అందుకని కొత్తగా నేర్చుకుంటున్న ఇంకొక అమ్మాయిని కూడా ఈసారికి వద్దన్నారు. ఒక్క మాటకు ఇద్దరు పోయారు.

ఆ ఇద్దరు స్త్రీలలో తప్పెవరిదో తీర్పు చెప్పడానికి ఈ టపా రాయడం లేదు. వాళ్ళ మధ్య ముందు ఏమి జరిగిందో నాకు తెలియదు. నన్ను వారం రోజులుగా బాధిస్తున్నది గురువుగారి నోట వచ్చిన "సర్దుకోండి" అన్న మాట. ఎందుకంటే ఆ మాట ముప్పై యేళ్ళు నేను కూడా అన్నాను.

విషయంలోకి వెళ్ళే ముందు, కోలాటం ఎరుగని పట్నవాసపు మిత్రుల కోసం రెండు మాటలు. కోలలతో ఆడే ఆట కోలాటం. మూరకు తక్కువ పొడవున్న గట్టి కర్రలు చేతికొకటి. ఆటగాళ్ళు రెండు వరుసలుగానో, లోపలొకటి వెలుపలొకటి రెండు వలయాలుగానో నిలబడతారు. ఎవరికి ఎవరు ఎదురో ముందే నిర్ణయమవుతుంది. ఆ జతను ఉద్ది అంటారు. అడుగులూ దెబ్బలూ మలుపులూ కలిసిన ఒక్కొక్క అమరిక ఒక్కొక్క కోపు. గురువు పాట అందుకుని, తాళం వేస్తూ, కోపు మార్చవలసిన చోట కేక ఇస్తాడు. జడకోలాటంలోనైతే పైనుంచి వేలాడే తాళ్ళను తలా ఒకటి పట్టుకుని, ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ వాటిని జడగా అల్లుతారు. మళ్ళీ వెనుకకు ఆడి ఆ జడను విప్పుతారు. ఒక్కరు దారి తప్పినా చిక్కు పడుతుంది.

ఈ ఆట నిన్న మొన్నటిది కాదు. కాకతి గణపతిదేవుని సేనాని జాయప 13వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన నృత్తరత్నావళిలో దేశి నృత్యాల నడుమ దండరాసకాన్ని చెప్పాడు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ గ్రంథాన్ని తెనిగించారు. ఏడు వందల యేళ్ళకు పైగా జతలుగా నిలబడుతున్న జాతికి, జత కుదిర్చే విద్య కూడా కొంత తెలిసి ఉండాలి కదా!

'ఉద్ది' అన్న మాటను కాస్త చూడండి. సాటి, జోడు అని దాని అర్థం. 'సరి ఉజ్జీ' అంటున్నామే, అదీ ఈ కోవలోని మాటే. చెడుగుడు ఆడే పిల్లలు ఉజ్జీలు పంచుకుంటారు. చిత్రమేమిటంటే, ఈ మాట మనతో కలిసి ఆడేవాడికీ చెల్లుతుంది, మనకు ఎదురు నిలిచేవాడికీ చెల్లుతుంది. కోలాటంలో ఉద్ది ఈ రెండూ ఒకేసారి. ఆమె నా తోడు, ఆమే నా మీదికి కర్ర ఎత్తేది. కాబట్టి ఉద్దిమీద నమ్మకం అన్నది మర్యాదకు సంబంధించినది మాత్రమే కాదు, వేళ్ళ కణుపులకు సంబంధించినది కూడా.

నా చిన్నతనంలో మా వైపు కోలాటం మగవాళ్ళ ఆట. ఒకే వీధివాళ్ళు, ఒకే భజన గుంపువాళ్ళు. పదేళ్ళకు పైబడి ఒకే ఉద్దితో ఆడినవాళ్ళను నేను ఎరుగుదును. ఒకరు చనిపోతే రెండోవాడు కోలలు అటకమీద పెట్టేసేవాడు. అప్పుడు జత కుదిర్చే చిక్కు తక్కువ, ఎందుకంటే ఆటలోకి ఎవరు రావాలో వీధే ముందుగా వడగట్టేది. ఇప్పుడు ఆట చాలావరకు స్త్రీలది. తిరుమల బ్రహ్మోత్సవాలలో వాహనాల ముందు ఆడే బృందాలను చూడండి, ఎన్ని ఊళ్ళ ఆడవాళ్ళు! మన జిల్లాలో అక్షరదీపం రాత్రిబడులూ, 1992లో దూబగుంట పేరుతో దేశమంతా తెలిసిన సారా వ్యతిరేక ఉద్యమమూ, ఆ తరువాతి పొదుపు సంఘాలూ చూసినవాణ్ణి కాబట్టి అంటున్నాను: వేరు వేరు వీధుల స్త్రీలు ఒక చాపమీద కూర్చోవడం ఇక్కడ తేలికగా రాలేదు. అలా కూర్చున్నవాళ్ళు ఇవాళ కోలలు పట్టి ఎదురెదురుగా నిలబడుతున్నారు. వారిలో ఒకామె కోలలు కింద పెట్టి వెళ్ళిపోతే, పోయేది ఒక ఆట మాత్రమేనా?

ఇక నా తప్పు చెబుతాను. 1991లో నేను తీరప్రాంతపు ఉన్నత పాఠశాల ఒకదానిలో తెలుగు పండితుణ్ణి. వార్షికోత్సవానికి ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు 16 మందికి కోలాటం నేర్పించే పని నామీద పడింది. ఎత్తులు చూసి జతలు కట్టాను. చూడ ముచ్చటగా కుదిరాయనుకున్నాను. నాలుగోనాడు పాలెం నుంచి వచ్చే పిల్ల ఒకతె నా బల్ల దగ్గరికి వచ్చి కుడిచెయ్యి చూపించింది. రెండు వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. "అయ్యవారూ, నాకు వేరే ఉద్దిని ఇవ్వండి" అన్నది. అంతకు మించి చెప్పలేదు. నేను అడగనూ లేదు. "ఆటన్నాక దెబ్బలు తగలవా? సర్దుకోవాలమ్మా" అన్నాను. మరునాడు నేను వచ్చేసరికి కోలలు రెండూ పాత గుడ్డపీలికతో కట్టి నా బల్లమీద ఉన్నాయి. ఆ పిల్ల బడి మానలేదు, చక్కగా చదివింది. కాని పదో తరగతి ముగిసి వెళ్ళేదాకా పాటలో గాని, నాటకంలో గాని, ప్రార్థన ముందు నిలబడడంలో గాని మళ్ళీ ఎన్నడూ ముందుకు రాలేదు. వార్షికోత్సవం నాడు అందరూ నన్ను మెచ్చుకున్నారు.

అవి పొరపాటున తగిలిన దెబ్బలా, కావాలని కొట్టినవా? ఈనాటికీ నాకు తెలియదు. తెలుసుకోవడం ఆ పిల్ల బాధ్యత కాదు. జతను కట్టినవాణ్ణి నేను. కట్టినవాడు చూడాలి.

కోలాటం గురువులతో ఈ మాట ఎత్తితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. మొదటిది, "ఈ గొడవంతా ఎందుకండీ, ఎవరికి నచ్చినవాళ్ళతో వాళ్ళను నిలబడమంటే సరి" అన్నది. వినడానికి ఇది ఉదారంగా ఉంటుంది. ఆచరణలో ఏమవుతుందో నేను బడిలో వందసార్లు చూశాను. అక్కాచెల్లెళ్ళు జత అవుతారు, తోడికోడళ్ళు జత అవుతారు, ఒక వీధివాళ్ళంతా క్షణంలో సర్దుకుంటారు. చివరికి ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఎవరు వాళ్ళు? కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, భర్త పోయిన మనిషి, కాలు కొద్దిగా ఈడ్చే మనిషి, పాలెం నుంచి ఒంటరిగా వచ్చిన పిల్ల. ఎవరూ వారిని వద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు, అంతే. ఎన్నుకునే స్వేచ్ఛ ఎన్నికైనవారికి బాగానే ఉంటుంది. మిగిలినవారికి అది పదిమందిలో పడిన శిక్ష. అందుకే జతను గురువే కట్టాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

రెండో జవాబు, "గురువు కట్టిన జతకు తిరుగు లేదు, సర్దుకోవలసిందే" అన్నది. ఇది నా పాత జవాబు. దీని ఫలితం పైన చెప్పాను. కట్టడం గురువు వంతు, భరించడం శిష్యుల వంతు అనుకోవడంలో ఉంది పొరపాటంతా. జత కట్టడం సగం పని. కుదిర్చడం మిగతా సగం. రెండూ గురువువే.

కుదిర్చడమెలా? దీనికి సమాధానం కోసం నేను దూరం పోనక్కరలేదు. మా నెల్లూరులోనే, మొహర్రం నాళ్ళలో, బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి చూస్తే చాలు. రొట్టెల పండుగ గురించి మీలో చాలామందికి తెలుసు. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు అందుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె. ఇచ్చేది ఎవరో పుచ్చుకునేది ఎవరో ఒకరికొకరు తెలియదు. మతమేదని గాని కులమేదని గాని అడగరు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ముక్కూ మొగం తెలియని మనిషి చేతిలోంచి రొట్టె తీసుకుని తింటారు. ఇంటి దగ్గర పొరుగింటి మంచినీళ్ళు ముట్టడానికి సందేహించే మనిషి కూడా అక్కడ సంకోచించకపోవడం నా కళ్ళతో చూశాను.

ఎందుకు సంకోచించరు? భక్తి ఒక కారణం, కాదనను. కాని మరి మూడు కారణాలు ఉన్నాయనుకుంటాను. తాను చేయవలసినది ఏమిటో ఇద్దరికీ ముందే తెలుసు. ఆ కలయిక క్షణకాలానిది. అది ముగిశాక ఒకరిమీద ఒకరికి ఏ హక్కూ మిగలదు. తెలిసిన పని, కొద్ది వ్యవధి, తరువాత విడుదల. పరిచయం లేని మనిషి ఎదుట మనిషి నిబ్బరంగా నిలబడడానికి ఈ మూడూ చాలు.

ఇదే సూత్రాన్ని మళ్ళీ చూసింది ఎక్కడో చెబితే నవ్వుతారు. 2016లో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు, మాసచూసెట్స్ రాష్ట్రంలో గ్రీన్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణంలో, రైతు సంఘంవారి పాత చావడిలో కాంట్రా అనే జానపద నృత్యం చూడడానికి తీసుకువెళ్ళాడు. రెండు పొడుగాటి వరుసలు, ఎదురెదురుగా జతలు. కోలలు లేని కోలాటమే! పాట మొదలు కాకముందే కేక ఇచ్చే మనిషి అందరిచేతా అడుగులన్నీ ఒకసారి మెల్లగా నడిపించి చూపాడు. సంగీతం మొదలయ్యాక ప్రతి జతా అరనిమిషానికి ఒకసారి ముందుకు జరిగి కొత్త జతను కలుసుకుంటుంది. వరుస చివరికి వచ్చేసరికి దాదాపు అందరూ అందరితో ఆడి ఉంటారు. ఆట అయ్యాక ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకుని, తరువాతి ఆటకు వేరే జతను చూసుకుంటారు. ఆరితేరినవాళ్ళు కొత్తవాళ్ళను వెదుక్కుంటూ వెళ్ళడం అక్కడి మర్యాద. వద్దనుకున్నవారు "వద్దండి, కృతజ్ఞతలు" అంటే చాలు, కారణం చెప్పనక్కరలేదట. పూర్వం అలా వద్దన్నవారు ఆ ఆటకు కూర్చోవాలనే కట్టుబాటు ఉండేదనీ, ఇబ్బంది పెట్టే మనిషినుంచి తప్పుకున్నవారికే అది శిక్ష అవుతున్నదని ఇప్పుడు చాలాచోట్ల దాన్ని వదిలేశారనీ ఒక పెద్దాయన చెప్పాడు.

అది చూసి వాళ్ళది గొప్ప, మనది తక్కువ అనుకోలేదు. మన కోపులలోనూ ఈ నడక ఉన్నది. తన ఉద్దితో రెండు దెబ్బలు, పక్కవాని ఉద్దితో రెండు దెబ్బలు, అలా అల్లుకుంటూ వలయమంతా తిరిగి మళ్ళీ తన ఉద్ది ముందుకు వచ్చి నిలిచే కోపులు ఎన్ని లేవు! గుజరాతీల దాండియాలోనూ ఇంతే. మన పెద్దలు ఆటలోనే విడుదల పెట్టారు. దాన్ని అభ్యాసపు రోజులకు కూడా వర్తింపజేయడం మనమే మరిచాం.

పండితుణ్ణి గనుక ఒక్క ఛందస్సు మాట, విసుగుకోకండి. ఉత్పలమాలలో మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ మైత్రి ఉండాలి. ఆ స్థానాలను కవి ఎన్నుకోలేదు, వృత్తం నిర్ణయించింది. అయితే ఆ రెండు అక్షరాలూ ఒక్కటే కావాలని లక్షణకర్తలు అనలేదు. క-కు గ చాలు, త-కు ద చాలు. ఒకే చోట పుట్టిన ధ్వనులైతే స్నేహం కుదురుతుందన్నారు. స్థానం నియతం, స్నేహానికి మాత్రం జాగా ఉన్నది. జతలు కట్టే గురువుకు ఇంతకన్నా మంచి పాఠం నాకు తోచదు.

ఇప్పుడు ఆచరణలోకి వస్తాను. గురువులకు నేను విన్నవించుకునేవి ఇవి.

మొదటి రెండు రోజులు అసలు జతలే వద్దు. సంక్రాంతి నెలలో మన ఆడపిల్లలు గొబ్బి తడతారు. ఆ ఆటలో అందరూ ఒకే వలయం, ఎవరి చప్పట్లు వారివి, ఉద్ది అన్న మాటే లేదు. అలా ఒట్టి చేతులతో, చప్పట్లతో కోపు అడుగులు అందరికీ వచ్చేదాకా ఆడించండి. జతతో కలిగే బెరుకులో సగం ఎదుటిమనిషిని చూసి కలిగేది కాదు, ఆ మనిషి ముందు తాను తప్పుతాననే భయం. అడుగు వచ్చినవారికి ఆ సగం పోతుంది.

కోలలు ఇచ్చిననాడు, పాటకు ముందు జతలకు ఒక ఐదు నిమిషాలు వదలండి. పేర్లు చెప్పుకోనివ్వండి. "నాది ఎడమచేతివాటం", "నాకు భుజం నొప్పి, చెయ్యి పైకెత్తలేను" వంటి మాటలు అప్పుడే రావాలి. కర్ర కర్రను తాకాలి, మనిషిని కాదు అన్న నియమం గట్టిగా చెప్పండి. దెబ్బ రొమ్ము ఎత్తుకు మించరాదు. ఇద్దరిలో ఎవరి దెబ్బ మెత్తనో రెండోవారు ఆ మెత్తదనానికి దిగిరావాలి. కళ్ళలోకి చూడడానికి మొగమాటపడేవారిని కోలల కొసలు చూడమనండి. చూపు దానంతటదే పైకి వస్తుంది.

కొత్తవారిని పాతవారితో కలపండి. కాని ఆట నడుస్తుండగా పాఠం చెప్పవద్దని పాతవారికి ముందుగా చెప్పండి. తప్పు దిద్దే పని గురువుది. ప్రతి అడుక్కీ "అట్లా కాదు, ఇట్లా" అనే ఉద్ది కొట్టే ఉద్దికన్నా తక్కువేమీ కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, రోజూ జతలు మార్చండి. ప్రదర్శనకు మూడు రోజుల ముందు మాత్రం స్థిరపరచండి. రేపు ఎలాగూ మారుతుందని తెలిసినవారు ఇవాళ్టి ఉద్దితో సులువుగా ఆడతారు. మార్పు కోరుకునేవారు నోరు తెరిచి అడగవలసిన అవసరమే తగ్గుతుంది. నవమికి జతలు స్థిరపరిచేనాటికి ఎవరికి ఎవరు ఒప్పుతారో, ఎవరి దెబ్బకు ఎవరు ఉలిక్కిపడుతున్నారో మీకే తెలిసి ఉంటుంది. ఎత్తులూ చీరల రంగులూ ఆ తరువాత చూసుకోవచ్చు.

సంఖ్య బేసి అయితే మీరే కోలలు పట్టండి. లేదా కోపుకు ఒకరు చొప్పున వంతులవారీగా తాళం వేయమనండి. రోజూ ఒక్క మనిషే మిగిలిపోకుండా చూడండి. బేసి అయిందని ఒకరిని ఇంటికి పంపడం మాత్రం ఎంతమాత్రమూ వద్దు.

ఇక కష్టమైన ప్రశ్న. అడిగినవారికల్లా జత మారుస్తూ పోతే, ఫలానా వీధి మనిషికి ఎదురుగా నిలబడనన్న అహంకారానికి కూడా మనమే దారి ఇచ్చినట్టు కాదా? నిజమే. వాచిన వేళ్ళు చూపించిన ఆ పిల్లా, "ఆమెకు ఎదురుగా నిలబడను" అన్న ఆవిడా అడిగింది మాటలలో ఒక్కటే. ఈ చిక్కు గురించి చాలా ఆలోచించాను. నాకు తోచిన ధర్మం ఇది: ఎదుటిమనిషి చేష్టను కాదనవచ్చు, పుట్టుకను కాదనరాదు. కొట్టే చెయ్యి, మీదికి వచ్చే ఒళ్ళు, వెటకారపు నోరు, వీటినుంచి తప్పించమని అడిగితే వెంటనే తప్పించాలి. నలుగురిలో విచారణ పెట్టకూడదు. జరగవలసినది కొట్టిన మనిషి, దెబ్బ తిన్న మనిషి కాదు. మరి ఏ చేష్టా లేకుండా మనిషే వద్దన్నవారి సంగతి? వారిని బలవంతాన నిలబెట్టనూ వద్దు, వారి కోసం ఎదుటివారిని జరపనూ వద్దు. "మీరు ఈ కోపుకు కూర్చోండమ్మా, తరువాతిదానికి వద్దురుగాని" అని, ఆ స్థానంలో గురువు తానే కోలలు పట్టి నిలబడాలి. వద్దనిపించుకున్న మనిషి అందరిముందూ ఒంటరిగా నిలబడిపోకూడదు. తరువాతి కోపు వలయమంతా తిరిగేదైతే మరీ మంచిది. అందరి కోలలూ అందరి కోలలనూ తాకుతాయి. ఎవరికీ ఉపన్యాసం చెప్పనక్కరలేదు.

చేష్టో పుట్టుకో గురువుకు ఎలా తెలుస్తుందంటారా? ఒక్కొక్కసారి తెలియదు. సిగ్గుపడే పిల్ల కారణం చెప్పదు, గర్వించే మనిషీ చెప్పదు. తెలియనప్పుడు అడిగినవారిని నమ్మి ఆ పూటకు మార్చడమే మేలు. ఒక పూట ఒక గర్విష్ఠి మాట చెల్లితే రేపటి మార్పులో అది సరి అవుతుంది. ఒక పూట ఒక పిల్ల మాట చెల్లకపోతే అది ఎప్పటికీ సరి కాకపోవచ్చునని నాకు తెలుసు.

"దేవుడి సన్నిధిలో అందరూ సమానమే కదండీ, ఇన్ని నియమాలెందుకు?" అని మొన్న ఒక మిత్రుడు అన్నాడు. సమానమే. కాని ఆ సమానత్వం దానంతట అది చప్టామీదికి నడిచిరాదు. 24 మందిని ఎవరి ఎదుట ఎవరిని నిలబెట్టాలో రాసుకొచ్చే చిన్న పుస్తకంలోంచి అది రావాలి. జేబులో ఆ పుస్తకం ఉన్నవారికి, ఆ సాయంకాలం గుళ్ళో అర్చకునికి ఉన్నంత బాధ్యత ఉన్నది.

ఆ రాత్రి గురువుగారితో ఇవన్నీ మెల్లగా చెప్పాను. ఓపికగా విన్నారు. "మీరు చెప్పింది బాగానే ఉంది అయ్యవారూ, నవమిలోగా పన్నెండు కోపులు రావాలి, రోజూ జతలు మారిస్తే వస్తాయా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. "పన్నెండు రావు, తొమ్మిది వస్తాయి. తొమ్మిది చాలవా?" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. నవమి నాడు 22 మంది ఆడారు. పన్నెండు కోపులూ ఆడారు. బాగా ఆడారు. జనం ఈలలు వేశారు. ఆ ఇద్దరూ జనంలో ఉన్నారో లేదో నేను వెదకలేదు. వెదకడానికి ధైర్యం చాలలేదు.

ఆమె నా పక్కన పెట్టి వెళ్ళిన కోలలు గుడి పూజారిగారికి అప్పగించి వచ్చాను. కార్తికంలో మళ్ళీ కోలాటం ఉంటుందట. ఈలోగా గురువుగారిని ఇంకొకసారి కలవాలని ఉంది, ఈసారి పూర్తిగా పొద్దుపోకముందే.

మీ ఊళ్ళలో కోలాటానికి గాని, చెక్కభజనకు గాని ఉద్దులను ఎలా కడతారు? ఎవరు కడతారు? కుదరకపోతే ఏమి చేస్తారు? తెలిసినవారు రాయండి. నా మాటలలో పొరపాటు తోస్తే నిర్మొహమాటంగా చెప్పండి, దిద్దుకుంటాను. సర్దుకోమని మాత్రం అనకండి.